బెదురుపట్టీ

గోదారి రెండోసారి గట్టు తెంచిన ఏడు ముగిసిన సంగతి ఇది. మొదటిసారి తెంచినప్పుడు బాబ్జీ ఇంకా తల్లి కడుపులో ఉన్నాడు. మరిడమ్మ నెలలు నిండిన పొట్టతో పూరింటి కప్పు మీద ఎక్కి కూర్చుంటే, కింద ఎర్రనీళ్లు గేదెల్నీ గడ్డివాముల్నీ కలిపి ఈడ్చుకుపోయాయి. పిల్లాడు కడుపులోనే జడుసుకున్నాడని మంత్రసాని అంది. ఆ మాట లంకలో నిలిచిపోయింది.

చేపలు పట్టే పల్లెకారి ఇంట పుట్టి నీళ్లంటే భయం. అంతకన్నా నామోషీ ఇంకేముంది? బాబ్జీ మోకాలి లోతు దిగితే చాలు, బొటనవేళ్లు గుప్పిట్లో దాచుకుని కొయ్యబారిపోయేవాడు. తండ్రి నూకయ్య రేవులో నావ నడిపేవాడు, పొద్దు మిగిలితే వల వేసేవాడు. మాట తక్కువ మనిషి. కొడుకుని ఏమీ అనేవాడు కాదు. అనకపోవడమే బాబ్జీకి దెబ్బలా ఉండేది.

ఆషాఢంలో ఎర్రనీళ్లు దిగిన రోజు ఆ లంకలో ప్రతి ఇంటి కొడుకూ ఒక్కడే నావేసుకుని నడిగోదారికి వెళ్లి, కుండతో కొత్తనీళ్లు ముంచుకొచ్చి గంగానమ్మ ముందు పొయ్యాలి. మీసం వచ్చిన కొడుకుండగా తండ్రి వెళ్లడం తప్పు. నూకయ్య ఆ తప్పు ఏటేటా చేసేవాడు. ఒడ్డున పొరుగింటి కోటేశు కాచుకుని కూర్చునేవాడు, ఆ మాట అనడానికే.

"ఏం నూకయ్యా, ఈ ఏడూ నువ్వేనా? మీ బెదురుగొడ్డుని ఎక్కడ కట్టేసొచ్చావు?"

నూకయ్య కుండ దించి, తల తుడుచుకుని వెళ్లిపోయేవాడు.

బాబ్జీ ఆ తిట్టునే పేరుగా పెట్టుకున్నాడు. 'బెదురుగొడ్డు బాబ్జీ' అని ఒక ఛానల్. దయ్యాల ఆటలు ఆడటం, ఆడుతూ గావుకేకలు పెట్టడం, అంతే పని. ఆ కేకలకి జనం పడీపడీ నవ్వారు. నవ్వినవాళ్లే మర్నాడు మళ్లీ వచ్చారు. చూస్తూండగా ఊళ్లకి ఊళ్లు అతని కేకల కోసం కూర్చోవడం మొదలెట్టాయి.

అప్పుడు ఆటల కంపెనీ వెతుక్కుంటూ వచ్చింది. వచ్చినావిడ పేరు శాంభవి. చెప్పులు చేత్తో పట్టుకుని బురదలోంచి నడిచొచ్చి చాప మీద కూర్చుంది.

"జనం ఎవర్నీ నమ్మట్లేదండీ," అంది నూకయ్యతో. "మా గేము ఆడేవాడికి మేం స్పాన్సర్ చేశామని తెలియగానే, డబ్బులిచ్చారు కాబట్టి అరుస్తున్నాడు అంటున్నారు. నిజంగా భయపడినా నాటకమే అంటున్నారు. అందుకే ఇది."

సంచిలోంచి రెండు పట్టీలు తీసింది. నల్లగా, వేలి మందాన, మెడకి కట్టుకునేవి. ఒకటి బాబ్జీకి కట్టింది. రెండోది, పెరట్లో చేప తోముకుంటున్న మరిడమ్మకి కట్టింది.

బాబ్జీ వాళ్ల గేము పెట్టాడు. దాని పేరు 'పాడుమేడ'. మెట్లు, చీకటి, ఎక్కడో నీళ్లు కారుతున్న చప్పుడు. తలుపు సందులోంచి తెల్లటి చెయ్యి రాగానే బాబ్జీ కేకేశాడు. పెరట్లో మరిడమ్మ చేతిలోంచి కత్తి జారిపోయింది. తెర వంక చూడనన్నా చూడలేదు మనిషి. బొటనవేళ్లు గుప్పిట్లో బిగించి, గోడకి ఆనుకుని, "ఓలమ్మో" అని వణికిపోయింది. రెండు గుక్కలు ఊపిరి తీశాక ఫక్కున నవ్వింది.

"ఇది మావోడి భయవేనమ్మా! నా కడుపులో తిరిగింది నాకు తెలీదా?"

"అంతేనండీ," అంది శాంభవి. "చూసేవాళ్లందరికీ ఒక్కో పట్టీ ఉంటుంది. ఇక ఎవరూ నాటకం అనలేరు."

ఒప్పందం కుదిరింది. ఇంకో కంపెనీ ఆట ఆడకూడదు. ఈ ఆట బాగోలేదని నోటితో అనకూడదు. తెర మూల 'ప్రాయోజితం' అని కనబడుతూ ఉండాలి, దాని పక్కన భయం గీత ఒకటి. గీత పసుపు దాటి ఎరుపులోకి ఎక్కితేనే ఆ రోజు పని చేసినట్టు. ఎక్కకపోతే చెయ్యనట్టు.

నూకయ్య అంతా విని ఒకే ఒక్క మాట అన్నాడు. "పిరికితనానిక్కూడా గిరాకీ ఉందన్నమాట."

ఆ పట్టీకి కంపెనీ ఏదో పొడుగాటి పేరు పెట్టింది. లంకలో మాత్రం బెదురుపట్టీ అన్నారు. త్వరలోనే అవతలి ఊళ్లలోనూ అదే పేరు అంటుకుంది.

ఏడాది తిరిగింది. బాబ్జీ ఇంటికి పైకప్పు మార్చాడు, తల్లి గుండెజబ్బుకి మంచి డాక్టర్ని చూపించాడు. ఆషాఢం వచ్చింది. ఎర్రనీళ్లు దిగిన రోజు పొద్దున్నే నూకయ్య కుండ కోసం చూస్తే అటక మీద లేదు. రేవుకి పరిగెత్తాడు. నావా లేదు. కోటేశు నోరు తెరుచుకుని నడిగోదారి వంక చూస్తున్నాడు. అక్కడ బాబ్జీ నావలో నిలబడి, ఒంటిచేత్తో కుండ ముంచుతున్నాడు. అలకి నావ ఊగితే ఊగనిచ్చాడు.

ఒడ్డుకొచ్చి, కుండ భుజానికెత్తుకుని, జనం మధ్యలోంచి నడిచి, గంగానమ్మ ముందు పోశాడు. కోటేశు పక్కకి తప్పుకుని దారిచ్చాడు. నూకయ్యే అతని దగ్గరకెళ్లి వీపు మీద ఒక్కటిచ్చాడు, గట్టిగా.

"ఏరా కోటేశూ, నాలుక ఏవైంది? చేప మింగిందా?"

అన్నేళ్లలో నూకయ్య అంత పెద్ద మాట అనడం ఎవరూ వినలేదు. ఆ పూట అతను కొడుకు పక్కన కూర్చుని, చేప ముళ్లు తీసి కొడుకు కంచంలో వేశాడు.

అన్నం తింటూ బాబ్జీ అన్నాడు: "నాన్నా, కాంట్రాక్టు అయిపోతంది. మళ్లీ రాయొద్దనుకుంటన్నాను."

"ఏం?"

"ఏదో ఖాళీగా ఉంది నాన్నా. పన్ను పీకించుకున్నాక నాలుక అక్కడికే ఎల్తా ఉంటది సూడు, అలాగ. నడిగోదాట్లో నిలబడితే భయం ఎయ్యలేదు. బాగానూ అనిపించలేదు."

"ఖాళీ కాదురా అది. ఇన్నాళ్లకి పల్లెకారోడివయ్యావు," అన్నాడు నూకయ్య. "పట్టీ తియ్యకు. సంతకం పెట్టు."

"అది కాదు నాన్నా..."

"పెట్టరా. నా కళ్లారా సూశాను ఇయ్యాల. ఇంకేం కావాలి నాకు?"

తండ్రి మొహంలో అంత వెలుగు బాబ్జీ ఎన్నడూ చూడలేదు. సంతకం పెట్టేశాడు.

ఆ శీతాకాలంలో ఒకనాడు నూకయ్య రేవులో నలుగురు కాలేజీ కుర్రాళ్లు నావ ఎక్కలేక నిలబడిపోయారు. ఊరి పేరు అడిగితే ఎక్కడో మెట్టప్రాంతం. గోదారిని చూడటం అదే మొదటిసారి. అయినా నీళ్లు చూడగానే నలుగురూ బొటనవేళ్లు గుప్పిట్లో దాచుకున్నారు. నలుగురి మెడలకీ పట్టీలు.

"ఎక్కండి బాబూ, ఏం కాదు."

"వద్దు తాతా. ఎర్రనీళ్లల్లో గేదెలు కొట్టుకుపోతున్నట్టు అనిపిస్తోంది," అన్నాడు వాళ్లలో ఒకడు. అప్పుడు గోదారి అద్దంలా ఉంది.

నూకయ్య నవ్వుకున్నాడు. కొడుకు జబ్బు ఊరికంటుకుందని ఇంటికొచ్చి మరిడమ్మతో చెప్పాడు. మరిడమ్మ నవ్వలేదు.

"ఆడి భయం ఆళ్ల దగ్గరుంటే, మరి ఆడి దగ్గరేం ఉన్నట్టయ్యా?" అంది.

దానికి జవాబు వేసవిలో తెలిసింది. రోడ్డు దాటుతూ బాబ్జీ మధ్యలో ఆగి ఫోను చూసుకున్నాడు. లారీ హారను కొడుతూ మీదికొచ్చేసింది. తలెత్తి చూశాడు. వస్తోంది అనుకున్నాడు, అంతే. కాలు కదపలేదు. వెనకే వస్తున్న కోటేశు చొక్కా పట్టి లాగకపోతే చక్రాల కిందికి పోయేవాడు. డ్రైవరు దిగొచ్చి బూతులు తిడుతుంటే బాబ్జీ అతని మొహం కేసి శ్రద్ధగా చూస్తూ నిలబడ్డాడు.

తరవాత పెరట్లోకి వచ్చిన రక్తపింజరని తోక పట్టి అవతల పడేశాడు. తరవాత లాకుల దగ్గర, నీళ్లు గిర్రున సుడి తిరిగేచోట, పడిపోయిన చెప్పు కోసం దూకాడు. నూకయ్య గెడ అందించి, జుట్టు పట్టి పైకి లాగాడు. ఒడ్డున పడేసి రెండు చెంపలూ వాయించాడు.

"సచ్చిపోదువురా ఎదవా!"

"అవును నాన్నా," అన్నాడు బాబ్జీ, నీళ్లు కక్కుకుంటూ. "తెల్సు. కానీ తెలియడం వేరూ, వెనక్కి లాగడం వేరూ. లాగేది ఇప్పుడు లేదు నాన్నా."

ఆ రోజు నుంచి నూకయ్య నావ కట్టేశాడు. కొడుకు ఎటు వెళ్తే అటు వెనకాలే నడిచాడు. బాబ్జీ నిద్రపోతే గుమ్మానికి అడ్డంగా పడుకున్నాడు. తినేటప్పుడు కూడా ఒక కన్ను అటే. మనిషి ఎండిన చేపలా అయిపోయాడు.

కంపెనీ వాళ్లకి దిగులు ఇంకోలాగ తగిలింది. తెర మూల గీత లేవడం మానేసింది. పాడుమేడలో దయ్యం మీద పడుతుంటే బాబ్జీ ఆవులించాడు. చూసేవాళ్లు తిట్టిపోశారు. శాంభవి ఫోను చేసి విశాఖపట్నం రమ్మంది. తండ్రీ కొడుకూ వెళ్లారు.

కొండ మీద నాలుగంతస్తుల భవనం. పై అంతస్తులో ప్రయోగశాల, కిటికీ తీస్తే సముద్రం. శాంభవి కళ్ల కింద నల్లగా ఉంది.

"బావిలా ఊరుతుందనుకున్నామండీ," అంది. "తోడింది తోడినట్టే పోయింది."

"ఎక్కడికి పోద్దమ్మా? సూసినోళ్ల దగ్గరుంది. అడిగి తెచ్చెయ్యండి."

"చిటికెడు చిటికెడుగా లక్షలమందిలోకి పోయిందండీ. గోదాట్లో పోసిన పాలు మళ్లీ ముంచి తేగలమా?" ఆగింది. "ఒక దారుంది. రక్తసంబంధం ఉన్నవాళ్ల భయం ఇతనిలో నిలుస్తుంది. అమ్మగారి గుండెకి ఇది పడదు. మీరైతే..."

నూకయ్య ఆమె మొహం చూశాడు. "మీకేంటమ్మా లాభం?"

ఆమె దాచలేదు. "పాడుమేడ రెండో భాగం వినాయక చవితికి వస్తోంది. బాబ్జీ భయంతోనే చూపించాలని పైవాళ్లు పట్టుబట్టారు."

"అంటే నింపేదీ మీరే, మళ్లీ తోడేదీ మీరే."

నూకయ్య కాసేపు ఆలోచించాడు. ముందు వీడు బతికితే పట్టీ సంగతి తరవాత చూసుకోవచ్చు, తెంపి గోదాట్లో పారెయ్యొచ్చు అనుకున్నాడు.

"కూర్చోబెట్టండి నన్ను," అన్నాడు.

కుర్చీలో కూర్చోబెట్టి మెడకీ నుదుటికీ పట్టీలు కట్టారు. ఎదురుగా తెర మీద వరదలు చూపించారు. ఇళ్లు కూలడం, నావలు బోల్తా పడటం, సుడిగుండాలు. గీత పడుకున్నది పడుకున్నట్టే ఉంది.

"మీకు భయమనేదే ఉన్నట్టు లేదండీ," అంది శాంభవి నీరసంగా.

"మాకుండదమ్మా," అన్నాడు నూకయ్య. అంత కష్టంలోనూ ఆ మాట అంటుంటే మీసం కాస్త లేచింది.

అప్పుడే అతని చూపు పక్కకి పోయింది. బాబ్జీ ఊసుపోక కిటికీ తీశాడు. కిటికీ గట్టు మీద ఎక్కి, కాళ్లు బయటికి వేసి, సముద్రం చూస్తూ కూర్చున్నాడు. ఇంకొంచెం బాగా కనబడాలని ముందుకి వంగాడు.

నూకయ్య కట్టిన పట్టీలతోనే కుర్చీలోంచి లేవబోయాడు. గీత ఒక్కసారి లేచి, పసుపు దాటి, ఎరుపు దాటి, తెర అంచుకి కొట్టుకుంది. ఎక్కడో గంట మోగడం మొదలెట్టింది. ఎవరో పరిగెత్తి బాబ్జీని లోపలికి లాగారు. గీత అయినా దిగలేదు.

శాంభవి నూకయ్య దగ్గరకొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది.

"నూకయ్యగారూ, మీలో ఉన్నది ఈ ఒక్క భయమే. ఇది దేని గురించో చూశారుగా?"

"భయవేగా తల్లీ. ఆడికి కావాలి. తియ్యి."

"తీస్తే మీకు మళ్లీ ఊరదండీ. ఆలోచించుకోండి. ఇది పోతే మీరు..."

"నాకెందుకమ్మా, ముసిలోణ్ణి. భయం లేకపోతే మాకు పరువే గానీ నష్టం ఏంటి? ఇన్నాళ్లూ దాచుకోలేక సచ్చాను. తియ్యి, మళ్లీ ఆడు కిటికీ ఎక్కకముందే."

వెనకనుంచి ఎవరో విడుదల తేదీ గుర్తుచేశారు. శాంభవి మీట నొక్కింది.

నొప్పి లేదు. తడిగుడ్డ పిండినట్టు ఒక్కసారి లోపల ఏదో మెలితిరిగి, తేలికైపోయింది. అన్నాళ్ల తరవాత భుజాలు దిగాయి. నూకయ్య కుర్చీలోనే హాయిగా నిద్రపోయాడు.

లేచేసరికి బాబ్జీ గోడ మూల ముడుచుకుని ఉన్నాడు. తన చేతులు తానే చూసుకుంటున్నాడు, ఎవరో పసిపిల్లాణ్ణి తనకిచ్చి జాగ్రత్త అని చెప్పినట్టు.

"నాన్నా," అన్నాడు, పళ్లు టకటక కొట్టుకుంటుంటే. "ఇంత భయం ఎలా మోశావు నాన్నా ఇన్నాళ్లూ?"

నూకయ్యకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "బస్సుకి ఏళైంది, లే," అన్నాడు.

బస్సులో బాబ్జీ కిటికీ ముయ్యమన్నాడు, డ్రైవర్ని మెల్లగా పొమ్మన్నాడు, తండ్రి చెయ్యి వదల్లేదు. నూకయ్య ఆ చెయ్యి విదిలించుకోలేదు, పట్టుకోనూ లేదు. దారి పొడుగునా మబ్బు. పైన ఎక్కడో వానలు కుండపోతగా పడుతున్నాయని బస్సులో చెప్పుకున్నారు. భద్రాచలం దగ్గర నీళ్లు పెరుగుతున్నాయట.

మరిడమ్మ కొడుకు గడప దాటడానికి కూడా చూసుకుని అడుగేయడం చూసి మొక్కుకుంది. అన్నం పెట్టింది. బాబ్జీ ముద్ద మింగడానికి జంకుతుంటే చేప ముళ్లు తియ్యమని భర్తకి సైగ చేసింది.

"ముళ్లు ఆడికి కనపడవా?" అన్నాడు నూకయ్య, తన కంచంలోంచి తలెత్తకుండా. మామూలుగానే అన్నాడు. కోపం లేదు. మరిడమ్మ కాసేపు అతని వంక చూసి, తనే తీసిపెట్టింది.

రెండు రోజుల తరవాత మధ్యాహ్నం గోదారి గట్టు తెంచింది. జనం పిల్లల్నీ మేకల్నీ చంకనేసుకుని అవతలి ఏటిగట్టు మీదికి చేరారు. సర్కారు వాళ్లు ఇనప రాటలు పాతి గుడారాలు వేశారు. లంకలో ఇళ్లు కిటికీల దాకా మునిగాయి. బాబ్జీ గుడారంలో మధ్య రాటని కావలించుకుని కూర్చుని, తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒడ్డుకి ఎవరు వెళ్లబోయినా పేరుపెట్టి వెనక్కి పిలుస్తూనే ఉన్నాడు. "బతికాడు నా కొడుకు," అనుకుంది మరిడమ్మ. "ఇక ఈడికేం కాదు."

మర్నాడు తెల్లారింది. నీళ్లు ఇంకా పెరుగుతున్నాయి. తాటిచెట్లు మొదలంటా కూలి కొట్టుకుపోతున్నాయి. నూకయ్య లేచి, పళ్లపుల్ల వేసుకుని, మొహం కడుక్కుని, గట్టు అంచున నిలబడి లంక కేసి చూశాడు. తరవాత నావ తాడు విప్పడం మొదలెట్టాడు.

"ఎక్కడికి నూకయ్యా?" అన్నాడు కోటేశు.

"వల ఇంట్లో ఉండిపోయింది. కొత్త వల."

"వల కోసవా! మతుండే మాట్లాడతన్నావా? మోటారు బోట్లే ఎనక్కొచ్చేశాయి."

"రెండో తెడ్డుకి మనిషి కావాలి," అన్నాడు నూకయ్య. గుడారం వైపు తిరిగాడు. "బాబ్జీ, రా."

బాబ్జీ రాటని ఇంకా గట్టిగా కరుచుకున్నాడు. "నాన్నా వద్దు. నాన్నా, నీకు దండం పెడతాను. పిల్లోడు పోతాడు నాన్నా..." తనని తానే ఎవరో కాపాడాల్సిన పిల్లాడిలా అంటున్నాడు. కళ్లు మాత్రం కొడుకు కోసం బెదిరిన తండ్రివి.

మరిడమ్మ అడ్డం వచ్చింది. "ఏవయ్యా! ఆడు నీ కొడుకయ్యా!"

నూకయ్య ఆగాడు. ఆ మాటలో ఏదో ఉండాలని అతనికి తెలుసు. లోపల వెతికి చూసుకున్నాడు. చల్లగా, శుభ్రంగా ఉంది, అంతే.

"కొడుకే," అన్నాడు. "అందుకే పిలుత్తన్నాను. పరాయోళ్లొత్తారా?"

కోటేశు అతని చెయ్యి పట్టుకోబోయాడు. నూకయ్య తేలిగ్గా తోసేశాడు. ఎన్నో ఏళ్లు గెడ వేసిన చేతులవి. రాట దగ్గర గొంతుక్కూర్చుని, బాబ్జీ బొటనవేలు తీశాడు. తరవాత చూపుడువేలు. తొందర లేదు, చిక్కుపడ్డ వల విప్పినంత ఓపిగ్గా ఒక్కొక్క వేలూ విడదీశాడు. మరిడమ్మ అరుస్తూనే ఉంది. కొడుకుని భుజాన వేసుకుని తీసుకెళ్లి, నావ ముందు చెక్క మీద కూర్చోబెట్టి, తెడ్డు చేతిలో పెట్టాడు.

నావని ఎర్రనీళ్లలోకి తోసి, తనూ ఎక్కాడు.